వెనక్కి పోవడం రాని పెట్టె

రాధ ధర్మవరంలో రైలెక్కేది, నేను పెనుకొండలో ఎక్కేదాన్ని. ఇద్దరం హిందూపురంలో దిగి ఒకే ఇంజినీరింగ్ కాలేజీకి పోయేవాళ్ళం. నేను ఫిజిక్సు చెప్పేదాన్ని, ఆమె ఎలక్ట్రానిక్సు. 2004లో మొదలయ్యాయి ఆ ప్రయాణాలు. నేను కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుతుంటే ఆమె ఒళ్ళో కాగితాలు పరుచుకుని, చుట్టూ ఎవరున్నారో కూడా చూడకుండా ప్రాసెసర్ గీస్తుండేది.

"బజార్లో ప్రాసెసర్లు దొరుకుతాయి కదమ్మా, మళ్ళీ నువ్వు చేసేదేంది?" అని మా స్టాఫ్ రూములో ఒకాయన రోజూ అడిగేవాడు. నాకు ఒళ్ళు మండేది. రాధ మాత్రం నవ్వేది.

"కొన్న చొక్కా, కుట్టించుకున్న చొక్కా ఒకటేనా సార్?" అనేది.

ఆమె కుట్టిస్తున్నది మగ్గానికి. వాళ్ళ నాయన చెన్నప్ప పట్టుచీరలు నేస్తాడు. చీర మీద ఏ పువ్వు రావాలన్నా ఆ పువ్వుకు తగ్గట్టు రంధ్రాలు కొట్టిన అట్టలు మగ్గం పైన వేలాడాలి. కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరిగి, ఏ దారాలు పైకి లేవాలో చెబుతుంది. వాళ్ళ అవ్వ కాలంనాటి నెమలి అంచు అట్టలను ఎలుకలు కొరికేశాయి. అవ్వ పాతచీర చూసి ఆ నెమలిని రాధ కంప్యూటర్లోకి ఎక్కించింది. అట్టల బదులు ఒక చిన్న పెట్టె దారాలను లేపాలన్నది ఆమె పట్టుదల.

పెట్టెలో ఉన్న చిప్పు విచిత్రమైనది. కొన్నప్పుడు దానికి ఏమీ రాదు. మనం కంప్యూటర్లో రాసి ఎక్కిస్తే, రాసినట్టే తనలోని తీగెలు కలుపుకుని మనకు కావలసిన ప్రాసెసర్‌గా మారుతుంది. నచ్చకపోతే చెరిపి ఇంకోటి ఎక్కించుకోవచ్చు. రాధ ప్రాసెసర్‌కు కూడికలూ పాటలూ ఏమీ రావు. తర్వాతి వరస తీయడం, బొమ్మను అద్దంలో మాదిరి తిప్పడం, మళ్ళీ మొదలుపెట్టడం, ఆగడం, అంతే వచ్చు. కానీ ఒక వరసలో లేవాల్సిన దారాలన్నిటినీ ఒక్కసారే లేపుతుంది. నాకు ఆ మొండితనం భలే నచ్చింది.

చెన్నప్పకు నచ్చలేదు. నెమలి మీద ఆశతో ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. "ఈ ఒక్క చీర నీ పెట్టెతో నేస్తా. చెడిందా, పెట్టె అటకెక్కల్ల, నా అట్టలు మళ్ళీ మగ్గమెక్కల్ల."

రెండేళ్ళ కష్టం ఆ ఒక్క చీర మీద పడింది. కాలేజీలో ఎవరు మెచ్చుకున్నా రాధకు ఆనలేదు. నాయన బాగుందనాలి, అంతే.

ఒక ఆదివారం నన్నూ పిలిచింది. చెన్నప్ప మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. తొక్కాడు, టక్కుమని దారాలు లేచాయి, అడ్డపోగును మోసుకుంటూ నాడె దూసుకుపోయింది. మొదటి నెమలి తోక విప్పేసరికి నేను చప్పట్లు కొట్టేశాను. రాధ తల్లి హనుమంతమ్మ నెమలి వైపు కాక మొగుడి మొహం వైపు చూస్తోంది.

రెండో నెమలి దగ్గర చెన్నప్ప చెయ్యి ఆగింది.

"రాధా, వక్కాకు తేపో. ఆయమ్మను గూడా పిల్చకపో."

ఇద్దరం అంగడికి పోయి వచ్చేసరికి ఇంట్లో గోల. నెమలి ముక్కు బంగారు రంగులో లేదు, చిలక రెక్కలా ఆకుపచ్చగా ఉంది. అక్కడ నుంచి బొమ్మే తెగిపోయింది.

"నీ పెట్టె నా చీర చెరిపింది! తీసెయ్ పైకి!" అని చెన్నప్ప అరిచాడు. రాధ మొహం పాలిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

హనుమంతమ్మ ఫక్కున నవ్వింది. "ఏమప్పా, ఇంకెన్నాళ్ళు దాస్తావు? జరీ నాడె ఎయ్యాల్సిన చోట పట్టు నాడె ఏసినావు. దాన్ని ఇప్పల్లని తొక్కితే పెట్టె ముందుకే పోతాంది."

అప్పుడు బయటపడింది. తప్పు పోగు వేస్తే వెనక్కి పోయి, అదే వరస మళ్ళీ తెరిచి, పోగు లాగేయాలి. అట్టల మగ్గంలో తాడు లాగితే అట్ట వెనక్కి తిరుగుతుంది. ప్రతి నేతగాడూ చేసే పనే. చెన్నప్ప మాత్రం బిడ్డల ముందు ఎప్పుడూ చేయలేదు. చేతగానోళ్ళే వెనక్కి పోతారని చెప్పి పెంచాడు. తప్పు పోయినప్పుడల్లా వక్కాకు తెమ్మని బిడ్డను అంగడికి తోలేవాడు. రాధ నమ్మింది. ఆ నమ్మకంతోనే ప్రాసెసర్‌కు వెనక్కి పోవడం నేర్పలేదు.

"చిన్నప్పుడు ఎన్నిసార్లు పోయినానక్కా ఆ అంగడికి!" అంటూ రాధ నవ్వు ఆపుకోలేక కూలబడింది. చెన్నప్ప పట్టు నాడె తీసి పక్కన పెట్టాడు.

ఇంకో చిప్పు కొనే పని లేకపోయింది. సోమవారం పెట్టెను రైల్లో హిందూపురం తెచ్చి, ల్యాబులో ప్రాసెసర్‌ను మార్చి రాసి, వెనక్కి పోవడం అదే చిప్పులోకి ఎక్కించింది. పెట్టెకు ఒక ఎర్ర మీట బిగించింది. చెడిన వరసలు దాంతోనే విప్పుకోమని నాయనకు ఇచ్చింది.

తర్వాతి ఆదివారానికి నెమలి ముక్కు బంగారంగా ఉంది. చెన్నప్ప నేస్తూనే ఉన్నాడు. ఇంకో రెండు ఆదివారాలకు కొంగు దగ్గరికి వచ్చాక మళ్ళీ చెయ్యి ఆగింది. రాధ గబుక్కున లేచి చెప్పులు తొడుక్కుంది.

"వక్కాకు తెస్తా నాయనా."

"యాడికీ పోవద్దు." ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు. "ఈడ కూర్చో. తప్పు పోయింది, చూడు."

ఎర్ర మీట నొక్కాడు. దారాలు వెనక వరసకు తెరుచుకున్నాయి. కూతురు చూస్తుండగా ఒక్కో పోగూ లాగి పక్కన పెట్టాడు. రాధ కళ్ళు తుడుచుకుని ఆ పోగులను చుట్టసాగింది.

ఆ సాయంత్రం అటకెక్కింది అట్టలే.