అమ్మా, కొండమీది నేస్తమూ

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో వీడియో చూపించి, మందస కొండల వెనక ఇంత అందమైన లోయ ఉందని నీకు తెలుసా అమ్మమ్మా అని అడిగింది. నాకు నవ్వూ వచ్చింది, కాస్త ఒళ్లూ మండింది. ఆ లోయలో నేను తిరిగినంత ఈ వీడియో తీసినవాడు తిరిగి ఉండడు.

నేస్తం కట్టుకోవడమంటే ఏమిటో మా ఈడువాళ్లకి చెప్పనక్కర్లేదు. మందస సంతలో పరిచయమైన కొండమీది ఒక సవర ఆవిడతో, మా అమ్మ పెళ్లయిన కొత్తలోనే నలుగురి ముందూ చీరలు ఇచ్చిపుచ్చుకుని, బెల్లం ముక్క చెరిసగం తిని నేస్తం కట్టుకుందట. ఆ రోజునుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు, నేస్తం అనే పిలుచుకోవాలి. ఇంట్లో మాత్రం మా నాన్న కావాలని ఆవిడ పేరేమిటని అడగడం, అమ్మ మూతి ముడుచుకుని వంటింట్లోకి పోవడం మామూలే.

మా ఉద్దానం ఊరినుంచి మందస దాకా బస్సు, అక్కణ్ణుంచి లోయలో నేస్తం ఇంటికి నడక. ఎండుచేపలూ కొబ్బరికాయలూ నెత్తిన పెట్టుకుని అమ్మ ముందు నడిచేది, నేను వెనక పడి ఎంత దూరమని సణిగేదాన్ని. వేసవిలో వెళితే లోయంతా పనసపండు వాసన. వానలు పడ్డాక గెడ్డ పొంగితే దారి ఉండదు కనుక, అది తగ్గేదాకా అమ్మకి ఇంట్లో కాలు నిలిచేది కాదు. భాద్రపదం వెళ్లాక చూడాలి, కొండవాలు చేలమీద మబ్బు కూర్చుని ఉండేది, ఎదురుగా ఉన్న ఇల్లు కూడా కనపడేది కాదు. చలికాలం పసుపు తవ్వేవారు. వచ్చేటప్పుడు పచ్చి పసుపుకొమ్ములూ కొండచీపుళ్లూ నా నెత్తిన. అన్ని కాలాలూ మేమే వెళ్లాం, ఆవిడ మాత్రం మందస సంత దాటి దిగలేదు. మా ఊరి పక్క సముద్రమంటే భయమట.

చివరికి ఇంటింటికీ తెలిసిన ఆ కిడ్నీ జబ్బు మా అమ్మకీ వచ్చింది. డయాలసిస్‌కి పలాస వెళ్లి రావడానికే ఓపిక చాలని మనిషి కొండెక్కేదెక్కడ? నేనెళ్లి నేస్తానికి ఒక మాట చెప్పి రావలసింది. రేపూ మాపూ అంటూ చలికాలం గడిపేశాను. ఆ తప్పు నాదే. అమ్మ నోరు తెరిచి అడగలేదు గానీ, సంత రోజు వచ్చిందంటే గుమ్మంవైపే చూసేది.

ఒక సాయంత్రం కొబ్బరికాయలు దింపే మావ వచ్చి, ఎవరో కొండావిడ పొద్దుటినుంచీ పక్కూరి తోటల్లో తిరిగి తిరిగి ఇందాకే వెళ్లిపోయిందని చెప్పాడు.

“మా నేస్తం ఇల్లేదీ అని అడిగింది. పేరేటమ్మా అంటే సెప్పదు. ఆ ఊళ్లో ఎవులికి నేస్తం లేదు, ఏ ఇల్లని సూపిత్తాం?”

ఆ పల్లెకీ మా పల్లెకీ మధ్య ఉన్నవి కొబ్బరిచెట్లే, మేం రావడం లేదని మొదటిసారి దిగివచ్చిన ఆవిడని ఆటోవాడు తప్పు చోట దింపేశాడట. ఒక్కసారి అమ్మ పేరు చెప్పి ఉంటే చిన్నపిల్లలైనా తీసుకొచ్చి మా గుమ్మంలో నిలబెట్టేవారు. నాకు ఆవిడ మీద కోపమొచ్చింది, నామీద నాకు అంతకంటే ఎక్కువ వచ్చింది. తెల్లారకుండానే బయలుదేరి కొండకి వెళ్లి, నడవలేనంటున్న ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

ఆవిడ మంచంపట్టె మీద కూర్చుని అమ్మ వాచిన పాదాలు ఒత్తుతూ ఉంది.

“నా పేరు సెప్తే ఏటైపోద్ది నేస్తం? ఎండలో అంత తిరిగినావు,” అంది అమ్మ.

“నేస్తరికం పోద్ది,” అంది ఆవిడ.

అమ్మ నవ్వింది. ఆ చలికాలమంతా నేను ఆ నవ్వు చూడలేదు. ఆవిడ మూడు రోజులుండి వెళ్లింది. వానలు పడకముందే అమ్మ పోయింది. మరి రెండేళ్లకి ఆవిడా పోయిందని సంతలో తెలిసింది.

ఇప్పుడు లోయ దాకా తారురోడ్డు ఉందట, ఏ కాలంలోనైనా గంటలో వెళ్లి రావచ్చునట. మనిషిని వెతకాలంటే ఫోనులో పేరు కొడితే చాలు, నా ఫోనులోనూ బోలెడు పేర్లున్నాయి, సగంమంది మొహాలు గుర్తులేవు. అన్నేళ్లు ఆ ఇంట్లో తిన్నాను, పడుకున్నాను, ఆవిడ ఒళ్లో జడ వేయించుకున్నాను. ఆవిడ పేరేమిటో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు. ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు. అడగబుద్ధి కాదు.