పొగమంచును చూసి పరిగెత్తాను

బొల్లారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను ఆపరేటర్‌ని. తెల్లటి పొగ, ఘాటు వాసన కలిసి వస్తే ముక్కుకు తడిగుడ్డ పెట్టుకుని, వెనక్కి చూడకుండా బయటపడాలని మాకు మళ్ళీ మళ్ళీ నేర్పిస్తారు.

పోయిన వానాకాలం భార్యతో, ఏడేళ్ళ పాపతో మున్నార్ వెళ్ళాను. ముసురులోనే అక్కడి నేషనల్ పార్కు బస్సెక్కి కొండ మీదికి బయలుదేరాం. పాప నా ఒళ్ళో నిద్రపోయింది. నాకూ కునుకు పట్టింది.

ఒక మలుపులో బస్సు ఆపి డ్రైవర్ తలుపు తీశాడు. నేను కళ్ళు తెరిచేసరికి లోపలంతా తెల్లగా ఉంది, క్లచ్ మాడిన వాసన వస్తోంది. "గ్యాస్ లీకైంది, ఉరుకుండ్రి" అని అరిచి, వానకు తడిసిన కర్చీఫ్ ముక్కుకు అదుముకుని దిగి పరిగెత్తాను. చాలా దూరం పోయాక వెనక్కి చూస్తే బస్సులో వాళ్ళంతా కిటికీల్లోంచి నన్నే చూస్తున్నారు. అది పొగమంచు.

తిరిగొచ్చేసరికి అందరూ నవ్వుతున్నారు. "గిదేమన్న బొల్లారమా? జెర కండ్లు తెరిసి సూడొద్దా?" అంది నా భార్య, నవ్వాపుకుంటూ. నేనూ నవ్వబోయాను. ఇంతలో, నేను లేచినప్పుడు ఒళ్ళోంచి కిందపడిన పాప మోచేయి రుద్దుకుంటూ అడిగింది.

"డాడీ, మరి నన్నెందుకు తీస్కపోలే?"

అప్పటినుంచి ఏ ప్రయాణంలోనైనా నిద్రపోయే ముందు పాప నా చొక్కా అంచును పిడికిట్లో గట్టిగా పట్టుకుంటుంది. నాన్నంటే ఎంత ప్రేమోనని మా ఆవిడ మురిసిపోతుంది. నేను కిటికీ వైపు ముఖం తిప్పుకుంటాను.