తాళం తీసిన నెట్టు

ఎంటర్ నొక్కే ముందు ఆయన చూపుడువేలిని చొక్కా అంచుకు తుడుచుకుంటాడు. వేలికి ఏమీ అంటుకుని ఉండదు. అయినా తుడుస్తాడు. తర్వాత నొక్కుతాడు. తెర మీద తప్పు అని వస్తుంది. మళ్లీ తుడుచుకుంటాడు.

ఆయన పంపులు తయారుచేసే కంపెనీలో స్టోర్ కీపరు. పాత సరుకు అయిపోయేదాకా కొత్త సరుకు పెట్టె విప్పడు. కంపెనీలో అది నియమం, ఇంట్లో అది స్వభావం. ఆయన ల్యాప్‌టాప్‌లో ఉన్నది, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా బాగుచేసుకోండి అని మంచివాళ్లెవరో రాసి లోకానికి వదిలిన సిస్టమ్. ఆ మంచివాళ్లు కొత్తది చేసుకుని, పాతదాని జోలికి రావడం ఎప్పుడో మానేశారు. ఆయన మానలేదు. ఒకప్పుడు దాన్ని సీడీల్లోకి ఎక్కించి బిల్డింగులో ఇంటింటికీ పంచాడు. ఇది వాడితే ఏ కంపెనీకీ బానిసలు కానక్కర్లేదని, స్వేచ్ఛ అంటే ఇదేనని ప్రతి గుమ్మంలో నిలబడి చెప్పేవాడు. అప్పటి నుంచి ఆయన పేరు సీడీ గారు. ఆయన మెట్లెక్కుతున్న చప్పుడు వినబడితే తలుపులు స్వేచ్ఛగా మూసుకునేవి.

ఆయన భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఒక స్కూలువాళ్లు యూనిఫాంలు ఆవిడ చేత కుట్టిద్దామనుకుంటున్నారు. సోమవారం పొద్దున వీడియోలో మాట్లాడి కాలరు, కుట్టు, కాజాలు చూపించాలి. ఆ పని వస్తే వెనక గదిలో ఇంకో మిషను వేయాలని ఆవిడ ఆశ. రాకపోతే దిండు గలీబులు కుట్టడం, జిప్పులు మార్చడం. ఆవిడ ఫోనులో కెమెరా పాడైంది. ఆయనది బటన్ల ఫోను, అదీ సిద్ధాంతమే. ఇక ఉన్నది ల్యాప్‌టాప్.

అది ఇన్నాళ్లూ నెట్టు వైరు మీద బతికింది. శనివారం మిషను జరుపుతుంటే వైరు దాని కాలికి చిక్కుకుంది. ల్యాప్‌టాప్ సాకెట్టు విరిగింది. మిగిలింది లోపలున్న వైర్‌లెస్ కార్డు. కొన్న రోజు నుంచీ అది పనిచేయలేదు. వైరుండగా గాలిలో నెట్టు దేనికని ఆయన దాన్ని క్షమించేశాడు.

ఆదివారం భోజనానికి వచ్చిన బావమరిది సంగతి విన్నాడు.

"అక్కా, నా ల్యాప్‌టాప్ ఇక్కడ పెట్టి వెళ్తాను. రేపొక్కరోజేగా."

ఆవిడ ముఖం విప్పారింది. ఆయన ముఖం ముడుచుకుంది.

"అక్కర్లేదు. గంటలో కార్డు లేస్తుంది."

"లేవడానికి అదేమన్నా నిద్రపోయిందా బావా? అసలు పుట్టనే లేదుగా."

"డ్రైవరు లేదు, అంతే. అది ఎక్కిస్తే సిస్టమ్‌కి కార్డు కనబడుతుంది."

"ఎక్కించు మరి."

"నెట్టులోంచి దించుకోవాలి."

"నెట్టేదీ?"

"కార్డు పనిచేస్తే వస్తుంది."

బావమరిది అటు తిరిగాడు. "అర్థమైందా అక్కా?"

"పెళ్లయినప్పటి నుంచీ అర్థమవుతూనే ఉంది" అంది ఆవిడ, కాజా కుడుతూ.

చివరికి ఆయన వద్దన్న ల్యాప్‌టాప్‌లోంచే, బావమరిది పెన్‌డ్రైవులోకి డ్రైవరు రూపంలో స్వేచ్ఛ దిగింది. కొత్త డ్రైవరు ఈ సిస్టమ్ వయసు చూసి ఎక్కనంది. ఒక వెబ్‌సైటులో ఎవరో ఇదే కార్డు గురించి అడిగి ఉన్నాడు. కింద అందరూ సిస్టమ్ మార్చమని సలహా ఇచ్చారు. తర్వాత వాళ్లలో వాళ్లు తిట్టుకున్నారు. ఆ తిట్ల మధ్య ఒక మహానుభావుడు పాత డ్రైవరు పెట్టి వెళ్లిపోయాడు. అదీ తయారుగా లేదు. దాని కోడు మాత్రం ఇచ్చాడు, డ్రైవరును ఎవరికి వాళ్లు తయారుచేసుకోవాలి.

"అంటే బట్ట పడేసి కుట్టుకోమన్నాడు" అంది ఆవిడ.

"అదే."

"కొలతలైనా ఇచ్చాడా?"

ఇవ్వలేదు. ఆయన కొలుస్తూ, తుడుచుకుంటూ, నొక్కుతూ పోయాడు. తెర మీద అక్షరాలు జారిపోతుంటే ముఖంలో ఓడ నడిపేవాడి గాంభీర్యం వచ్చింది. టీ చల్లారింది. ఎండ కిటికీ దాటింది. కార్డు దీపం వెలిగింది.

తెర మీద చుట్టుపక్కల నెట్టులన్నీ కనబడ్డాయి. తమది కూడా. పాస్‌వర్డ్ కొట్టాడు. రానివ్వలేదు. నెట్టు కంపెనీ ఇచ్చిన పెట్టెకు కొత్తరకం తాళం ఉంది. ఈ సిస్టమ్ పుట్టేనాటికి ఆ తాళం ఇంకా పుట్టలేదు. పాతరకం తాళం ఆ పెట్టెలో లేదు. ఉన్న దారి ఒకటే, అసలు తాళమే తీసేయడం.

"వద్దు బావా. పాస్‌వర్డ్ లేకపోతే బిల్డింగంతా వచ్చి నెట్టు మీద కూర్చుంటుంది."

"కూర్చోనీ. తాళాలు వేయడం నా సిద్ధాంతం కాదు."

"ఇంటికి మాత్రం రెండు వేస్తావు."

ఆయన వేలు తుడుచుకుని తాళం తీసేశాడు. నెట్టు వచ్చింది. బావమరిది ముందు గదిలో కూర్చుని వీడియోలో అక్కకు కనిపించాడు. ఆవిడ చూసి "పర్లేదు" అంది. ఆ మాటను ఆయన సాయంత్రమంతా బిరుదులా మోశాడు. బావమరిది తన ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఊరెళ్లిపోయాడు.

మర్నాడు తన విజయం కళ్లారా చూడటానికి ఆయన సెలవు పెట్టాడు. చెప్పిన వేళకు హెడ్మిస్ట్రెస్ తెర మీదికి వచ్చింది. కాలరు చూపించమంది. ఆవిడ ఎత్తి చూపించింది. హెడ్మిస్ట్రెస్ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. కాలరు చూసి కాదు.

"ఏవండీ, ఈవిడ బిగుసుకుపోయింది."

నెట్టు పెట్టెను ఎవరెవరు వాడుతున్నారో చూపించే పేజీ ఆయన తెరిచాడు. అందులో పళ్ల డాక్టరు ట్యాబు ఉంది, పై అంతస్తు టీవీ ఉంది, ఎవరెవరివో ఫోన్లున్నాయి. ఏళ్ల తరబడి ఆయన పంచినా ఎవరూ పుచ్చుకోని స్వేచ్ఛను ఒక్క రాత్రిలో బిల్డింగు మొత్తం పుచ్చుకుంది. మళ్లీ తాళం వేద్దామంటే మొదట బయట పడేది తన ల్యాప్‌టాపే.

ఆవిడ ఇంకా కాలరు ఎత్తి పట్టుకునే ఉంది. ఎత్తి ఉన్న ఆ చేతిని ఆయన చూశాడు. చెప్పులు వేసుకోకుండా బయటికి నడిచాడు.

ఎదురింటి పళ్ల డాక్టరు తలుపు గొలుసు తీయలేదు.

"సీడీ గారూ, మా కంప్యూటర్లో సీడీ పెట్టే చోటే లేదండీ ఇప్పుడు."

"సీడీ కాదు. మీరు వాడుతున్న నెట్టు మాది. ఒక్క అరగంట ఆపండి, మా ఆవిడకి పనుంది."

"మీదా! ఎవరో ధర్మాత్ములనుకున్నాం."

ఆయన అప్పటికే మెట్ల వైపు తిరిగాడు. ఒక గుమ్మంలో ఆయన ఇంత తక్కువ మాట్లాడటం అదే మొదలు. పై అంతస్తులో టీవీ ముందున్న ముసలావిడ, ఆపమంటే, కళ్లజోడు సర్దుకుంది.

"స్వేచ్ఛ అన్నావు కదయ్యా?"

"అరగంట తర్వాతమ్మా."

టీవీ ఆగింది. మెట్ల మీద ఉండగా, తీసి ఉన్న తమ తలుపులోంచి భార్య గొంతు వినిపించింది.

"ఆఁ, ఇప్పుడు కదులుతున్నారండీ. కాజాలు కూడా చూపించనా?"

ఇంకో అంతస్తు ఉంది. ఆయన ఎక్కాడు. చివరి గుమ్మం ముందు చూపుడువేలిని చొక్కా అంచుకు తుడుచుకుని, బెల్లు నొక్కాడు.