నేపథ్యం అయిపాయ, నాటకమెప్పుడు?

మొన్న ఆదివారం సాయంత్రం మా ఇంటి టెలివిజనులో ఒక అరగంట కార్యక్రమం వచ్చినది. ఎక్కడో కాలువ నీళ్ళ కోసం రైతులు రోడ్డు మీద బైఠాయించినారట. వాళ్ళను చూపించినారు, పోలీసులను చూపించినారు, ఒక పెద్దమనిషి బల్ల వెనక కూర్చొని అన్నీ సవ్యంగా పరిష్కారమవుతాయని చెప్పడం చూపించినారు, ఆ తర్వాత వీణ మోగినది, పేర్లు వచ్చినవి, అయిపోయినది. ఆ కాలువ ఎప్పుడు తవ్వినారు, ఎవరి వంతుకు ఎంత నీరని మొదట ఒప్పుకొన్నారు, ఆ ఒప్పందం ఎక్కడ తప్పినది, ఈ సంగతులు ఒక్క ముక్క లేవు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. లాఠీలకు ఇచ్చిన సమయంలో సగం ఇచ్చినా సరిపోయేది. ఈ మాట పైకే అన్నట్టున్నాను, లోపలి నుంచి మా ఆవిడ, "ఆ డబ్బాతో యాల కొట్లాడతారు? పలికేదానికి అదేమన్నా మీ ఆఫీసరా?" అన్నది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి ఎక్కడ గుచ్చితే ఎక్కడ నొప్పి పుడుతుందో తెలియకుండా ఉంటుందా.

ఆమె అన్న ఆఫీసరు సంగతి చెప్పాలంటే కర్నూలు గుడారాల దగ్గరికి పోవాలి. మన వయసు వాళ్ళకు ఆ గుడారాలు కళ్ళకు కట్టినట్టే ఉంటాయి. 1953 అక్టోబరు ఒకటో తేదీన ఆంధ్ర రాష్ట్రం పుట్టి, కర్నూలు రాజధాని అయి, కట్టడాలు చాలక ప్రభుత్వమంతా గుడ్డ కప్పుల కింద కూర్చొన్న రోజులవి. మరుసటి యేడు ఎండాకాలంలో, డిగ్రీ కాగితం చేతిలో పట్టుకొని, నేను అటువంటి ఒక గుడారంలో ప్రచారపు పనిచూసే కార్యాలయంలో తాత్కాలిక సహాయకుడిగా చేరినాను. ఆషాఢ మాసపు గాలి మొదలైతే ప్రభుత్వోత్తర్వులు తుంగభద్ర వైపు ఎగిరిపోయేవి. అందుకని ప్రతి బల్ల మీదా కాగితాలపై పెట్టడానికి ఒక నాపరాయి ముక్క ఉండేది. బేతంచెర్ల వైపు నుంచి వచ్చే బండ్ల వాళ్ళు రాలిన ముక్కలు ఊరికే ఇచ్చిపోయేవారు. ఆ రాష్ట్రంలో గాలికి కదలనివి ఆ రాళ్ళొక్కటే అని మా వాను డ్రైవరు సాయిబు నవ్వేవాడు. కర్నూలు పాతబస్తీ మనిషి, వాను నడపడమూ ఆయనే, ఊళ్ళలో ప్రొజెక్టరు తిప్పడమూ ఆయనే.

ఊళ్ళకు మేము తీసుకొనిపోయే చిత్రాలన్నీ ఒక్క తీరుగా ఉండేవి. మంత్రిగారు కారు దిగుతారు, దండ వేయించుకొంటారు, తాడు లాగి పరదా తొలగిస్తారు, కారెక్కుతారు. ఎందుకు దిగినారో, దేనికి దండో చూసేవాళ్ళకు తెలిసేది కాదు. వార్త చూపించేటప్పుడు దాని వెనక ఉన్న కారణాన్ని కూడా ఒక చిన్న చిత్రంగా తీసి ముందు చూపిస్తే, పొలం నుంచి వచ్చి కూర్చొన్న మనిషి కూడా పత్రిక చదివినవాడితో సమానంగా మాట్లాడగలడు గదా అని నాకు తోచినది. నాలుగు పుటల ప్రతిపాదన రాసి మా ఆఫీసరుగారి బల్ల మీద పెట్టి, మీద ఆయన నాపరాయే ఉంచినాను. కృష్ణాతీరపు మనిషి, సంస్కృతం బాగా చదువుకొన్నవాడు, మర్యాదస్తుడు. రాయి తీసి చదివి ముచ్చటపడి, మొత్తం పథకానికి "వర్తమాన నేపథ్యం" అని తనే నామకరణం చేసినారు. నాకూ గంభీరంగానే వినిపించినది.

మొదటి విషయం మన రాజధానే. మద్రాసు నుంచి కెమెరా ఆయన వచ్చి కొండారెడ్డి బురుజు, తుంగభద్ర, గుడారాల వరుసలు, ఇల్లు దొరకక సత్రం అరుగుల మీద వండుకొంటున్న గుమాస్తాల కుటుంబాలు, అన్నీ తీసుకొనిపోయినారు. రెండు రీళ్ళు, ఒక్కొక్కటి నాలుగు వందల అడుగులు, పదకొండు నిమిషాలు. మూకీ చిత్రం గనుక వ్యాఖ్యానం నేను మైకులో చదవాలి. మొదటి రీలు నేపథ్యం: 1937లో మద్రాసులో కోస్తా పెద్దలూ మన పెద్దలూ కూర్చొని చేసుకొన్న శ్రీబాగ్ ఒడంబడిక, రాజధాని, హైకోర్టు రెండింటిలో ఏది కావాలో కోరుకొనే హక్కు సీమకు ఎందుకు ఇచ్చినారు, ఆ హక్కు వెనక మనవాళ్ళకు ఉండిన భయమేమిటి. రెండవ రీలు వర్తమానం: ఆ మాట ప్రకారమే ఈ గుడారాలు. నిమిషానికి ఎన్ని మాటలు పడతాయో గడియారం పెట్టుకొని లెక్కగట్టి, బొమ్మకు మాట తప్పకుండా, మాటకు బొమ్మ తప్పకుండా పదిసార్లు తిరగరాసినాను. నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని మరొకటి లేదు.

ప్రారంభ ప్రదర్శన కోడుమూరులో పెట్టించినాను. మా మేనత్త ఊరు. అత్త దీపాలు పెట్టే వేళకే గొంగడి పరచుకొని ముందు వరసలో కూర్చొన్నది, మేనల్లుడు మైకులో మాట్లాడతాడని ఊరంతా చెప్పుకొన్నది. "ముందుగా నేపథ్యం చూపబడును" అని నేను ప్రకటించినాను. రెండు రీళ్ళూ ఒక్క పొల్లు తప్పకుండా నడిచినవి. నమస్కారం చెప్పి మైకు ఆపినాను. ఒక్కరూ లేవలేదు. పిల్లలు తెర వెనక్కు పోయి తొంగి చూసి వస్తున్నారు. కాసేపటికి ఒక పెద్దాయన రుమాలు సవరించుకొని, "నేపథ్యం అయిపాయ గదప్పా, నాటకమెప్పుడు?" అన్నాడు. "వేషాలు ఇంకా కట్టుకుంటాండారేమో, తొందర పెట్టగాకండి," అని మా అత్త వెనక్కు తిరిగి సర్దిచెప్పినది.

నేపథ్యమంటే అక్కడివాళ్ళకు ఒక్కటే అర్థం. నాటకాల్లో తెర వెనక ముఖానికి అర్దళం పూసుకొనే చోటు. నేను ఇరవై రెండు నిమిషాలు చెప్పినదంతా వాళ్ళు, పాత్రధారులు తయారయ్యేలోగా ప్రభుత్వం వారు కాలక్షేపానికి వేసిన బొమ్మలనుకొన్నారు. నాటకం లేదని చెప్పేసరికి మేము డబ్బులు మింగి వేషగాళ్ళను కర్నూలులోనే దించేసినామని ఎవరో అన్నారు. సాయిబు తెర చుట్టేస్తూ, "పేరు మార్పించు సాబ్, లేకుంటే రేపు ఓర్వకల్లులో రాళ్ళేస్తారు. ఆడ రాళ్ళకు కొదవ లేదు," అన్నాడు.

మరునాడే "వెనకటి సంగతి" అని మార్చమని రాసిపెట్టినాను. ఆఫీసరుగారికి అది నచ్చలేదు. నేపథ్యమన్న మాట ఫైలెక్కినది, మంజూరైనది, ఇక మార్చాలంటే మళ్ళీ మొదటి నుంచి రావాలి. పోనీ ఆ మాటతోనే చూపిద్దామనుకొంటే, అంతలో మొదటి రీలు మీదనే ఆక్షేపణ వచ్చినది. పాత భయాలు గుర్తుచేస్తే రెండు ప్రాంతాలవాళ్ళ మనసులు నొచ్చుకొంటాయట. ఒడంబడిక మాట లేకుండా నేపథ్యం చెప్పగలమా అని అడిగినారు. చెప్పలేమని రాసినాను. అయితే పరిశీలన ముగిసేదాకా రెండవ రీలు మాత్రం చూపించమని ఉత్తర్వు వచ్చినది.

మీరు నమ్మరు గానీ, ఆ రెండవ రీలు మొదట్లో తెర మీద పెద్ద అక్షరాలతో "రెండవ భాగం" అని పడేది. దాన్ని కత్తిరించడానికి అనుమతి లేదు. బనగానపల్లె దగ్గర ఒక ఊళ్ళో ఆ అక్షరాలు పడగానే చదువు వచ్చినవాడెవడో గట్టిగా చదివినాడు. వెంటనే ఊరంతా గొడవ. ఒకాయన పెళ్ళాం మీద లేచినాడు: "నీ సంగటి దెబ్బకు మొదటి భాగం పాయ! బిరీన పెట్టమంటే ఇంటివా?" ఆమె తగ్గలేదు: "రెండు ముద్దలు ఎక్కువ పెట్టించుకుంటివే, అప్పుడు గుర్తురాలేదా భాగాలు?" అందరూ నవ్వినారు, నేను మైకు పట్టుకొని, మొదటి భాగం మీరు తప్పిపోలేదు, మేమే వేయలేదని పదే పదే చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. కడపలో ఒక వకీలుగారు మాత్రం ప్రదర్శన అయిన తర్వాత దగ్గరికి వచ్చి, మొదటి భాగం ఏమైనదని నెమ్మదిగా అడిగినారు. పరిశీలనలో ఉన్నదని చెప్పినాను. ఆయన నా ముఖం చూసి, గొడుగు తీసుకొని వెళ్ళిపోయినారు.

పరిశీలన సాగుతూనే ఉన్నది. నేను జ్ఞాపకపు చీటీ రాయడం, అది రాయి కిందికి పోవడం, మళ్ళీ రాయడం. ఇంతలో 1956 వచ్చినది. తెలంగాణముతో కలిసి పెద్ద రాష్ట్రం కావడము, రాజధాని హైదరాబాదుకు పోవడము ఖాయమైనవి. ఇప్పుడు మా వ్యాఖ్యానం తిరగరాయమన్నారు. గుడారాలు అవే, బురుజు అదే, అరుగుల మీద వండుకొనే ఇల్లాళ్ళూ వాళ్ళే; రెండేళ్ళ క్రితం "ఇది శాశ్వత వైభవానికి నాంది" అని చదివిన చోట "ఇది ఆదినుండియు తాత్కాలిక ఏర్పాటే" అని చదవాలి. "రీలు ఒకటే సాబ్, మాట మాత్రం గాలిని బట్టి," అన్నాడు సాయిబు.

కానీ నాకు ఒక ఆశ పుట్టినది. వచ్చిన రాజధాని మూడేళ్ళు తిరగకముందే పోతున్నది; ఎందుకు వచ్చినది, ఎందుకు పోతున్నదని ప్రతి ఊరూ అడుగుతున్నది. వెనకటి సంగతి చెప్పడానికి ఇంతకంటే తగిన సమయం వస్తుందా? రెండు రీళ్ళకూ కలిపి కొత్త వ్యాఖ్యానం రాసి, ఎవరినీ నొప్పించకుండా, ఏదీ దాచకుండా, స్వయంగా తీసుకొనిపోయి ఆఫీసరుగారి ముందు నిలబడినాను. ఆయన అప్పటికే పెట్టెలు సర్దిస్తున్నారు. మొత్తం చదివినారు, బాగున్నదన్నారు కూడా. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకొంటూ, "రాజధాని అక్కడికి వెళ్ళిపోయాక, ఎందుకు వెళ్ళిందో ఇక్కడ చెప్పడం ఎందుకయ్యా?" అన్నారు. వెటకారం కాదు. నిజంగానే ఆయనకు అది ఎందుకు చెప్పాలో అర్థం కాలేదు. మొదటి రీలు డబ్బా ఫైళ్ళతో పాటు సీలు వేసి లారీకెక్కించినారు.

వాను కూడా అప్పగించడానికి ముందు వారం, కోడుమూరులో ఒక్క చివరి ప్రదర్శనకు అనుమతి సంపాదించినాను. రీలు లేకపోతే పోయె, నోరున్నది గదా అనుకొన్నాను. రెండవ రీలు నడుస్తుండగా మైకులో మొదటి రీలు సంగతి చెప్పడం మొదలుపెట్టినాను. ఈసారి నేపథ్యమన్న మాట ఎత్తలేదు. మద్రాసు కూడిక, ఒడంబడిక, హక్కు, భయం, అన్నీ వరుసగా చెప్పుకొస్తూ, "మరి ఇప్పుడు రాజధాని ఇక్కడి నుంచి ఎందుకు పోతున్నదంటే" అన్నాను. జనరేటరు దగ్గి ఆగిపోయినది. బొమ్మ పోయినది, మైకు పోయినది. వాను అప్పగింతకు ముందే పెట్రోలు కోటా తగ్గించినారు. సాయిబు చేతులు చాపి చూపించినాడు.

నేను ఆగలేదు. ఉత్త గొంతుతోనే చెప్పుకుంటూ పోయినాను. ముందు రెండు వరసలకే వినిపిస్తున్నది. వెనక నుంచి "ఏమంటాండాడు? ఏమంటాండాడు?" అని కేకలు. అప్పుడు మా అత్త గొంగడి మీదే వెనక్కు తిరిగి అందుకొన్నది: "మనోళ్ళూ కోస్తావాళ్ళూ మద్రాసులో కూసోని మాట రాసుకున్యారంట. అందుకని రాజధాని ఈడికొచ్చెనంట. ఇప్పుడు ఇంకోళ్ళతో కలస్తాండామంట, మళ్ళా ఇంకో కాగితం రాసుకుంటారంట. గుడారాలు పీకుతాండారు. అంతే."

అంతే కాదు. నేను చెప్పినది అది కానే కాదు. తెలంగాణమువాళ్ళతో రాసుకొనే రెండవ ఒప్పందానికి వేరే కారణాలున్నవి, మొదటిదానికీ దానికీ ఉన్న తేడానే నేను చెప్పబోతున్నది. "అట్ల కాదత్తా, ముందు 1937లో..." అని మళ్ళీ మొదలుపెట్టినాను. చీకట్లో ఎవరో, "మళ్ళా మద్రాసుకాడికి పోతాండాడప్పో! ఆడినుంచి ఈడికి వచ్చేతలికి తెల్లారిపోతాది, పదండి," అన్నారు. గొల్లుమని నవ్వి, గొంగళ్ళు దులుపుకొని లేచినారు. నేను చెప్తూనే ఉన్నాను. కడకు అత్త ఒక్కతే మిగిలినది. "శానా తెలిసినోడివి అల్లుడా," అన్నది జాలిగా, "ఎందుకొచ్చెనో చెప్తివి, ఎందుకు పోతాందో చెప్తివి. పోయినాక మాకేమని మాత్రం అడిగేలోపల ఇంజను ఆర్పేస్తిరి." రా, సంగటి చల్లారిపోతాదని చేయి పట్టుకొని తీసుకొనిపోయినది.

నవంబరు మొదటికి గుడారాలు లేచిపోయినవి. నన్ను ఇక్కడే కర్నూలులో వేరే శాఖకు సర్దుబాటు చేసినారు. ఒకనాడు పని మీద ఆ మైదానం గుండా పోతుంటే, మేకులు పెరికిన గుంతల మధ్య నాపరాళ్ళు అట్లనే వరుసలుగా పడి ఉన్నవి. ఏ బల్ల ఎక్కడుండినదో, ఎవరు ఎవరి ఎదురుగా కూర్చొనేవారో వాటిని బట్టి చెప్పవచ్చును. కాగితాలు మాత్రం వెళ్ళిపోయినవి. ఆ రీలు డబ్బా కోసం తర్వాత రెండుసార్లు హైదరాబాదు వెళ్ళి విచారించినాను. అటువంటి పేరుతో ఏమీ రాలేదన్నారు. "వెనకటి సంగతి" అని కూడా చూడమన్నాను. నవ్వినారు.

అత్త పోయి చాలా కాలమైనది. సాయిబు కూడా లేడు. ఇప్పుడు ఇంటింటికీ తెర వచ్చినది, పెట్రోలు అక్కరలేదు, మైకు ఆగదు, ఎంత దూరాన జరిగినదైనా ఇట్టే కళ్ళ ముందుకు వస్తున్నది. ఒడంబడిక ఎత్తితే మనసులు నొచ్చుకొంటాయని ఆక్షేపించే మనిషి ఎక్కడ కూర్చొన్నాడో మాత్రం తెలియదు; ఎక్కడో ఉండే ఉంటాడు. మొన్నటి ఆదివారం పేర్లన్నీ పడిపోయి, తెర మీద ఏదో సబ్బు ప్రకటన వచ్చి, అదీ అయిపోయిన తర్వాత కూడా నేను కుర్చీలోనే ఉన్నాను. మా ఆవిడ చేయి తుడుచుకొంటూ వచ్చి, "అయిపాయ గదా, ఇంకా దేనికి కూసున్యారు?" అని అడిగినది.

ఆనాడు కోడుమూరులో గొంగళ్ళ మీద నుంచి ఎవరూ ఎందుకు లేవలేదో, తెర వెనక్కు పోయి ఎందుకు తొంగి చూసినారో అప్పుడు నాకు అర్థమైనది. లేవలేదు నేను. మొదటి భాగం వేస్తారేమోనని ఇంకాసేపు కూర్చొన్నాను.