లైసెన్సు కింద నిమ్మకాయ

చదువు అయిపోయి, కొలువు దొరక్క, ఇంట్లో తల వంచుకుని అన్నం తినే వయసొకటి ఉంటుంది చూడండి, ఆ వయసులో కరీంనగర్‌లో మాలాంటి వాళ్లందరికీ దేవుడిచ్చిన ఉద్యోగం ప్లాట్లు చూపించడం. అప్పట్లో దానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఇస్త్రీ చొక్కా, పెట్రోలున్న బండి, మంచంలోంచి లేవకుండానే "రోడ్డు మీదనే ఉన్న సార్, వచ్చేస్తున్న" అని ఫోన్లో చెప్పగల నోరు ఉంటే చాలు. నేనూ, మా బావా (మేనత్త కొడుకు, నాకంటే కొద్ది నెలలే పెద్ద, ఆ కొద్ది నెలల పెద్దరికం నన్ను పుట్టినప్పటి నుంచీ సతాయిస్తోంది) ఒకే బండి మీద బైపాస్ రోడ్డంతా తిరిగేవాళ్లం. అమ్మడంలో మాత్రం నాదే పైచేయి. కంపచెట్ల మధ్య నిలబడి "గిక్కడ పార్కు వస్తది, గక్కడ బడి వస్తది" అని నేను చేయి చాపితే, వచ్చినవాళ్లకు పార్కుతో పాటు అందులో ఆడుకునే పిల్లలు కూడా కనబడేవారు. బావ అట్లా కాదు. ఎవరూ అడక్కముందే "ఎండకాలం బోరు ఎండుతది సార్, ఇంకోసారి సోంచాయించుకోండ్రి" అనేవాడు. "నిన్నెవడు అడిగిండు బావా బోరు సంగతి?" అని నేను గింజుకుంటే, "రేపు మనల్నే తిడ్తరు కద బామ్మర్దీ" అని నవ్వేవాడు.

అంతలో రెరా చట్టం వచ్చింది. ఇక మీదట వెంచర్లలో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటుకు సర్కారు ఇచ్చిన నంబరు ఉండాలన్నారు. "గివన్నీ నాలుగు రోజుల ముచ్చట్లు" అని నేను హోటల్లో కూర్చుని చాయ్ తాగుతుంటే, బావ చప్పుడు చేయకుండా దరఖాస్తు పెట్టి నంబరు తెచ్చుకున్నాడు. ఆ సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి, మా దిక్కు కొత్త బండి కొన్నప్పుడు చేసినట్టే, కొండగట్టు అంజన్న దగ్గరికి తీసుకుపోయి పూజ చేయించాడు. నేను వెనక కొబ్బరికాయల సంచి పట్టుకుని నిలబడ్డాను. అంజన్న సాక్షిగా చెబుతున్నాను, కడుపు భగ్గున మండింది. విజిటింగ్ కార్డు మీద నంబరు, బండి ముందర నంబరు, చివరికి వాళ్ల చెల్లె పెండ్లి పత్రికలో కూడా బావ పేరు కింద నంబరు (మా మేనత్త పట్టుబట్టి వేయించింది). ఇదంతా ఎట్లాగో దిగమింగేవాణ్నే గానీ, దిగమింగలేనిది ఇంకొకటి జరిగింది.

మా బాపు గోదావరిఖనిలో బొగ్గుబాయి పని చేసి రిటైరై, వచ్చిన పైసలతో కరీంనగర్‌లో చిన్న ఇల్లు, ఊరి చివర ఒక ప్లాటు కొన్నాడు. ఆ ప్లాటు అమ్మి ఇంటి మీద ఇంకో అర్ర వేద్దామని మా అవ్వ (మా దిక్కు అమ్మను అట్లాగే పిలుస్తాం) రోజూ పోరు. చివరికి ఒక పొద్దున బాపు సరేనన్నాడు. నా కండ్ల ముందరే బావను పిలిచి, "అల్లుడా, గీ జాగ నువ్వే అమ్మిపెట్టాలె" అన్నాడు.

"నేను లేనా బాపూ?" అన్నాను.

"నీకు నంబరున్నదారా?" అన్నాడు.

కన్నకొడుకు కన్నా కాయితం మీది నంబరు ఎక్కువైందని ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. అంతకన్నా ఘోరం, బావ ఆ ప్లాటుకు ఎవరిని తీసుకుపోయినా ఒట్టి చేతులతోనే తిరిగి వచ్చేవాడు. "కరెంటు తీగలు పక్కకే పోతయని చెప్పిన మామా, పార్టీ వద్దన్నది" అనేవాడు. బాపు కసురుకోవాలా వద్దా? "పోతె పోనీ అల్లుడా, కూసో, చాయ్ తాగు" అని తన బిస్కెట్ పుడ కూడా ముందుకు జరిపేవాడు. ఇంటర్‌లో నేను ఒక్క సబ్జెక్టు తప్పితే నెల రోజులు మాట్లాడని మనిషి! బావ ఫెయిలైతే చాయ్, బిస్కెట్. ఆ బిస్కెట్ల చప్పుడు పక్క అర్రలో పడుకున్న నా చెవుల్లో పడేది.

ఇక నాకూ నంబరు రావాలనుకున్నాను. ఆధారు, పాను ఉన్నాయి. ఆఫీసు చూపించాలన్నారు, మంగలి షాపు పక్కన ఇరుకు మడిగె కిరాయికి తీసుకున్నాను. తర్వాత ఆడిటర్, "మూడేండ్ల రిటర్నులేవి?" అన్నాడు. నేనెన్నడూ వేసింది లేదు. "అయితే పన్ను కట్టేటంత సంపాదన లేదని రాసి సంతకం పెట్టు" అన్నాడు. చుట్టాల పెండ్లిళ్లలో కోట్లకు తక్కువ మాట్లాడని నేను, నాకు సంపాదన లేదని సర్కారుకు స్వయంగా రాసివ్వాలి! పెట్టాను సంతకం. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ కాయితాలన్నీ ఎక్కించింది ఎవరనుకున్నారు, బావే. "ఫికర్ చెయ్యకు బామ్మర్దీ, వస్తది" అని వీపు తట్టాడు. ఆ వీపు ఇంటికి పోయేదాకా మండింది.

వచ్చింది నంబరు. బావదానికంటే పెద్ద ఫ్రేము కట్టించి (పక్కపక్కన పెట్టి కొలిచి మరీ) అందరినీ కొండగట్టుకు తీసుకుపోయాను. బండ్ల పూజ చేసే అయ్యగారు బయటికి వచ్చి "బండేది?" అని చుట్టూ చూశాడు. "బండి కాదు అయ్యగారూ, లైసెన్సు" అన్నాను. ఆయన నన్నూ, ఫ్రేమునూ చూసి కుంకుమ పెట్టాడు. అంతటితో అయిపోయేదే. కానీ బాపుకు హుషారొచ్చింది. "నిమ్మకాయ తొక్కియ్యకుండ పూజేంది?" అన్నాడు. "నా దానికి తొక్కియ్యలే మామా" అని బావ అంటే, "నీది నీదే, నా కొడుకుది నా కొడుకుదే" అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయి అడ్డం చెప్పలేకపోయాను. బాపు ఫ్రేమును బండ మీద పెట్టి, కింద నిమ్మకాయ దూర్చి, పైనుంచి రెండు చేతులతో, బొగ్గుబాయిలో పని చేసిన చేతులతో, ఒక్క అదుము అదిమాడు. నిమ్మకాయ పగల్లేదు. అద్దం నా ఫొటో మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకు పగిలింది.

బాపు ముఖం చిన్నబోయింది. "కాయిదం మంచిగనే ఉన్నదిరా" అన్నాడు మెల్లగా. ఇదే అదను అనుకుని, "ఇగనన్న జాగ నాకిస్తవా బాపూ?" అని అడిగాను. బాపు అటూ ఇటూ చూశాడు. అవ్వ దూరంగా కొబ్బరికాయలు కొట్టే దగ్గర ఉంది, బావ చెప్పుల కోసం పోయాడు. నా చెయ్యి పట్టి పక్కకు లాగాడు.

"నీకెందుకిస్తరా పిచ్చోడా! నీకిస్తే వారంల అమ్మి పారేస్తవ్. అల్లుడైతే అమ్మడనే ఆనికిచ్చిన. నా నౌకరంత భూమి కిందనే అయిపాయె. గా జాగల నిలబడి మీదికి చూస్తే ఇంత మొగులు కనబడ్తది. మీ అవ్వకు చెప్పకు."

ఆ పగిలిన అద్దం ఇప్పటికీ నా మడిగెలో గోడకు ఉంది, మార్చబుద్ధి కాలేదు. ప్లాటు అమ్మే పని ఇప్పటికీ బావ చేతిలోనే ఉంది, బాపు ఆదివారం ఆదివారం అక్కడ కుర్చీ వేసుకుని ఆకాశం చూస్తూ కూర్చుంటూనే ఉన్నాడు. మొన్న ఒక పార్టీ నా దగ్గరికి వచ్చి సరిగ్గా ఆ ప్లాటే కావాలన్నాడు, ఎంతైనా ఇస్తానన్నాడు. కొబ్బరికాయల సంచి పట్టుకుని కుళ్లుకున్న ఆ రోజుల్లో అయితే ఎగిరి గంతేసేవాణ్ని. ఆయన్ను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, బిస్కెట్లు ముందుకు జరిపి, "ఆ దిక్కు ఎండకాలం బోర్లు ఎండుతయి సార్, ఇంకోసారి సోంచాయించుకోండ్రి" అన్నాను.