గోనె మీద తుపాను

మా వదిన బొమ్మలు గీయదు. కత్తిరిస్తుంది.

రాజాంలో మాది బియ్యం కొట్టు. పశువుల దాణా కూడా అమ్ముతాం. బియ్యం వ్యాపారుల ఊహాశక్తి మీద నాకు చాలా గౌరవం. లోపల అదే బియ్యం, సంచి మీద మాత్రం ఏనుగు, నెమలి, జింక, పులి. బియ్యానికీ పులికీ సంబంధమేమిటని అడిగినప్పుడల్లా అన్నయ్య, "నీకెందుకే, పులి అడిగిందేటి?" అనేవాడు.

వదిన కాపురానికొచ్చిన కొత్తలో ఖాళీ సంచులు ఏరుకుని, వాటి మీది జంతువులను కత్తిరించి దాచడం చూసి అమ్మ కంగారుపడింది. "ఒసే, ఈ పిల్లకేటైనాదే?" అని నన్ను పక్కకి పిలిచి అడిగింది.

"జూ పెడతాదట. నిన్ను టిక్కెట్ల కాడ కూకోబెడతాదట" అన్నాను.

జూ నిజంగానే పెట్టింది. పేపర్లో ఏదైనా పెద్ద వార్త వచ్చిందంటే, వదిన ఒక గోనెసంచి విప్పి పరిచి, ఆ వార్తను జంతువులతో దాని మీద కుట్టేది. ప్లాస్టిక్ సంచి కత్తిరిస్తే అంచుల్లో పోగులు లేస్తాయి. అందుకని వెలిగించిన అగరొత్తి కొసతో చుట్టూ కాల్చి, సంచులు కుట్టే దబ్బనంతో గోనెకు పట్టించేది. కొట్టు వెనక గదిలో సగం తవుడు వాసన, సగం పూజ వాసన. దీన్ని కొలాజ్ అంటారని నాకు కాలేజీలో తెలిసింది. పరుగున వచ్చి వదినకు చెప్పాను. "అలాగేటి" అని దబ్బనంలో దారం ఎక్కించుకుంది.

నోట్లు రద్దయినప్పుడు జంతువులన్నిటినీ ఏటీఎం ముందు వరసలో నిలబెట్టింది. పులి కూడా మర్యాదగా వరసలోనే ఉంది. అన్నిటికంటే ముందు ఒంటె. ఎందుకంటే, "నీళ్ళు లేకండా నిల్చోగలదు కదే" అంది. కొట్టుకొచ్చినవాళ్ళు దాని ముందు ఆగి, నవ్వి, తామెక్కడున్నామో వెతుక్కునేవారు.

వదిన పుట్టిల్లు పలాస అవతల, ఉద్దానంలో. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంట్లో ఉండేది తండ్రి, ఆయన ఆవులు. చుట్టూ కొబ్బరి, జీడి. తిత్లీ తుపాను ఆ పక్కనే తీరం దాటింది. ఆ పొద్దు నుంచి ఆయన ఫోను పలకలేదు. ఆ వైపు ఎవరి ఫోనూ పలకలేదు. అన్నయ్య బండేసుకుని వెళ్ళి, రోడ్డు మీద పడిన చెట్లు దాటలేక వెనక్కొచ్చాడు. మర్నాడు పేపర్లో తోటల ఫొటో వేశారు. కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపుకి దువ్వినట్టు పడి ఉన్నాయి. వదిన పేపరు మడిచి పక్కన పెట్టి, గోనె తెచ్చుకుంది.

తిత్లీ అంటే సీతాకోకచిలుక. వదిన బొమ్మలు దాచే డబ్బాలో, సబ్బు పెట్టె మీద నుంచి తీసింది ఒకటి ఉండేది. "వదినా, ఈసారి బొమ్మ ఎతుక్కోనక్కర్లేదు" అన్నాను. నా జోకు నేల మీద పడకముందే తిప్పికొట్టే మనిషి, తలెత్తలేదు. నేను నోరు మూసుకుని దారాలు తెంపి ఇస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో అది కూడా వార్తే.

దాణా సంచుల మీది ఆవులు బాగా బలిసి, మెడలో పలుపు తాడుతో ఉంటాయి. వదిన ఒక్కో ఆవును కత్తిరించాక, పలుపు ఉన్న మేర తీసేసి, ఆ ఆవు రంగు ముక్కే అక్కడ అతుకుతోంది. అగ్గిపుల్లంత ముక్క.

"అదెందుకు వదినా? ఎవలు సూస్తారు?"

"గాలొస్తాదంటే మా నాన్న ముందు పలుపులు ఇప్పీస్తాడే. కట్టుంటే గొడ్ల సాల కూలి మీద పడిపోతాది. ఇప్పీస్తే ఎక్కడో అక్కడ బతుకుతాయి." దబ్బనం గుచ్చుతూ, "ఆ ఒక్కపాలి బయటికెల్లకండా ఇంట్లో ఉంటే బాగున్ను. ఉండడు" అంది.

సాయంత్రానికి సంచి సగమే నిండింది. మొహం కుడివైపుకి ఉన్న జంతువులన్నిటినీ పక్కన పెట్టేసి, ఎడమకి చూసేవాటినే వాడింది. ఆవులు, ఏనుగు, జింకలు, ఏటీఎం దగ్గరి ఒంటె, అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని, ముందుకి వాలి, కుడివైపుకి వీపులు పెట్టి నిల్చున్నాయి. పులి పక్కనే జింక. దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు, పులి కూడా. కుడి సగమంతా ఉత్త గోనె.

"మరి తుపానేదీ?" అన్నాను.

వదిన ఆ ఖాళీ వైపు గడ్డంతో చూపించింది. "గాలికి బొమ్మేటే? గొడ్లు ఎటు ఈపు పెట్టినాయో సూడు, తెలిసిపోతాది."

గోనె నాకు కొత్త కాదు. రోజూ దాని మీదే కూర్చుని టీ తాగుతాను. అయినా దాని ముందు నిలబడేసరికి నా చెయ్యి దానంతటదే మొహం మీది జుట్టు సర్దుకుంది. గదిలో గాలి లేదు. కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు. అమ్మ వచ్చి చూసింది. భుజాల చుట్టూ కొంగు కప్పుకుని, ఆవులున్న వైపుకి జరిగి నిల్చుంది. నాకో జోకు తట్టింది కానీ, వెయ్యడానికి ధైర్యం చాల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. వదిన స్పీకరు నొక్కింది.

"అమ్మా, నేను." వాళ్ళ నాన్న. హైవే దాకా నడిచొచ్చి, లారీ డ్రైవరు ఫోను అడిగి చేస్తున్నాడు. "పెంకులన్నీ ఎల్లిపోనాయి. కొబ్బరి ఒక్క సెట్టు లేదు. గొడ్లు ఒచ్చీసినాయమ్మా, అన్నీ. ఎర్రావుకే ఒక కొమ్ము ఇరిగిపోనాది."

"నీకో నాన్నా?"

"నాకేటి? నాకు కొమ్ములున్నాయేటి?"

వదిన నవ్వబోయి ఏడ్చేసింది. ఆయన, డ్రైవరుకి ఆలస్యమైపోతోందని, ఫోను పెట్టేశాడు.

కళ్ళు తుడుచుకుని వదిన గోనె ముందు కూర్చుంది. ఆవుల్లో ఎర్రదాన్ని వెతికి, కుట్టు రెండు ముళ్ళు విప్పి, కత్తెరతో ఒక కొమ్ము కొస తీసేసింది.

"అగరొత్తి ఎలిగించే" అంది నాతో.

వెలిగించి ఇచ్చాను. పోగులు లేవకుండా, కొమ్ము విరిగినచోట మెల్లగా కాల్చింది.