విజయవాడ నుంచి తెప్పించిన మైకు

యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నానన్న ఒక్క కారణంతో, ఈ పరదేశంలో మేముండే క్వేకర్స్ హిల్‌లోని మా తెలుగు చర్చికి వైర్‌లెస్ మైకు ఎంచే పని నా నెత్తిన పడింది. ఇక్కడి దుకాణాల మొహం కూడా చూడకుండా, సెలవులకు ఇండియా వెళ్ళిన ఒక అంకుల్ చేత విజయవాడ నుంచి తెప్పించాను. ప్రెషర్ కుక్కర్ సైతం అక్కడినుంచే మోసుకొచ్చే జాతి కదా మనది!

మొదటి ఆదివారం మైకు ఖంగున మోగింది. మర్నాడు క్లాసులో లెక్చరర్ మాటవరసకు చెప్పాడు: కొన్ని ఫ్రీక్వెన్సీలను ఈ దేశంలో మొబైల్ ఫోన్లకు ఇచ్చేశారు, వాటి మీద మైకు వాడితే నేరం. గదికి పరుగెత్తి, దాచిన మైకు ఖాళీ పెట్టె మీది ఫ్రీక్వెన్సీ అంకెలు చూశాను. సరిగ్గా అవే.

నాది స్టూడెంట్ వీసా, నేరం బయటపడితే రద్దే. ఆ వారమంతా వీధిలో ఏ తెల్ల వ్యాను ఆగినా అధికారులు నాకోసమే వచ్చారనిపించేది. చర్చి పెద్దలకు చెబుదామని రెండుసార్లు ఫోన్ తీసి, మళ్ళీ జేబులో పెట్టేశాను.

రెండో ఆదివారం పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచి, "దేవుడు నీకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పు బాబూ" అంటూ అదే మైకు చేతిలో పెట్టారు. అది ఆన్‌లోనే ఉంది. "ప్రభువా, నన్ను క్షమించు" తప్ప ఇంకో మాట రాలేదు. ముందు వరుస ఆంటీలు "స్తోత్రం, స్తోత్రం" అంటూ ఏడ్చేశారు.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు నా భుజం తట్టారు. "ఇంత కదిలించిన సాక్ష్యం ఈ మధ్య వినలేదు బాబూ. సౌండ్ కూడా సూపర్ క్లియర్‌గా ఉంది. పాటలు పాడే క్వయర్‌కి ఇంకో నాలుగు తెప్పించెయ్."